గంటస్తంభం సందులో బైండింగు తాత: మా అయ్యగారి బైబిలు మళ్ళీ కుట్టించుకున్న సంగతి

బైబిలు పేజీలు ఊడిపోయి, పారేయలేక, పట్టుకు తిరగలేక ఇబ్బంది పడే పాస్టరుగార్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, వాళ్ళ ఇళ్ళలో ఉన్న అమ్మగార్ల కోసం ఇది రాస్తున్నాను. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో ఓ తాతగారు ఇప్పటికీ చేత్తో దారం కుట్టి పుస్తకాలు బైండింగు చేస్తున్నారు. కొట్టుకి పేరు లేదు, బోర్డు లేదు. రేకు తలుపు సగం తెరిచి ఉంటుంది. గుమ్మంలో స్కూలు రిజిస్టర్లు, పాత ఫైళ్ళు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. లోపల్నుంచి ఉడికిన మైదా జిగురు వాసన వస్తుంది. అదే గుర్తు. సందు మొదట్లో ఎవరినైనా "బైండింగు తాత" అని అడిగితే చెయ్యి చూపిస్తారు.

మాది గజపతినగరం అవతల పల్లె. మా ఆయన అక్కడ సంఘకాపరి, అందరూ అయ్యగారంటారు. 2003లో బైబిలు ట్రైనింగు ముగించి వచ్చినప్పుడు చేతిలో ఉన్న బైబిలే ఈరోజుకీ ఆయన చేతిలో ఉంది. నేను ఇంట్లో జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. దారం, ముడి, కుట్టు బిగువు నాకు బాగా తెలిసిన విషయాలు. ఈ తాతగారి పనిని ఆ కన్నుతోనే చూశాను.

తీసుకెళ్ళేనాటికి బైబిలు ఎలా ఉందో చెప్తాను. ఆదికాండం మొదటి పేజీలు అట్టలో విడిగా పెట్టుకునేవారు. కీర్తనల దగ్గర పుస్తకం రెండు ముక్కలైపోయింది. ప్రకటన చివరి ఆకులు అంచులు నలిగి తమలపాకు వాడినట్టు అయిపోయాయి. మొత్తానికి ఒక రబ్బరు బ్యాండు. కూడికలో బ్యాండు తీసేటప్పుడు పేజీలు జారితే ముందు వరసలో పిల్లలు పరిగెత్తుకొచ్చి ఏరేవాళ్ళు.

ఇంతకు ముందు ఒకసారి బైండింగు చేయించాం. 2017లో, వేరే ఊళ్ళో, ఒక కొట్టులో. ఆ కొట్టు పేరు రాయను. వాళ్ళు కుట్టు వేయలేదు. వీపుకి జిగురు పూసి అతికించి, నీటుగా కనబడాలని మూడు పక్కలా మిషనుతో కోసేశారు. మా అయ్యగారికి పేజీల అంచుల్లో పెన్సిలుతో రాసుకునే అలవాటు ఉంది. తేదీ, ఒక చిన్న మాట, ఒక్కోసారి ఒక పేరు. పద్నాలుగేళ్ళ రాతలు. ఆ కోతలో చాలా మాటలు సగానికి తెగిపోయాయి. ఇంటికి తెచ్చి తెరిచి చూసి ఆయన ఒక్క మాటా అనలేదు. నేనే ఏడ్చాను. రెండో వేసవికి ఎండకి ఆ జిగురు పెళుసెక్కి పుస్తకం మళ్ళీ విడిపోయింది.

హైదరాబాదులో ఉన్న మా మరిది తోలు అట్ట, బంగారు అంచు ఉన్న కొత్త బైబిలు పంపిస్తానన్నాడు. మా ఆయన వద్దనలేదు. "పంపించు తమ్ముడూ, సండేస్కూల్లో బాగా చదివే పిల్లకి ఇద్దాం. నాకు మాత్రం ఇందులోనే దారి తెలుసు" అన్నారు. నిజమే. ఏ వచనం కుడిపేజీలో పైన ఉందో, ఏది ఎడమపేజీలో అడుగున ఉందో ఆయన వేళ్ళకి తెలుసు. దీపం లేకపోయినా తీస్తారు. అందుకే దీన్నే కుట్టించాలని పట్టుబట్టాను.

దసరాకి ముందు ఒక సోమవారం పల్లెవెలుగు ఎక్కి వెళ్ళాను. ఇప్పుడు ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే టికెట్టుకి డబ్బులు లేవు కాబట్టి రానుపోను ఖర్చు షేరు ఆటోకే. తాతగారి నుదుట కుంకుమ, గోడ మీద పైడితల్లి అమ్మవారి క్యాలెండరు. నా చేతిలో బైబిలు చూడగానే ఆయన లేచి వెళ్ళి బకెట్టులో చేతులు కడుక్కున్నారు, తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకున్నారు, అప్పుడు తీసుకున్నారు. నేల మీద ఎన్ని రిజిస్టర్లున్నా దీన్ని నేల మీద పెట్టలేదు, బల్ల మీదే పెట్టారు. నేను అడగలేదు.

వీపు చూశారు. పాత జిగురు గోటితో గీకి చూశారు. తర్వాత పేజీల అంచుల మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చి, ఆగి, అడిగారు.

"ఈ పెన్సిలు రాతలు ఎవరియమ్మా?"

"మా అయ్యగారివండి."

"మరయితే మిషను కోత ఎయ్యకూడదు. కోత లేకపోతే అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందం కావాలంటే రాతలు పోతాయి, రాతలుండాలంటే అందం ఒగ్గీయాల. ముందే సెప్పండి."

ఇరవై రెండేళ్ళలో ఈ పుస్తకం గురించి సరైన ప్రశ్న అడిగిన బైండింగు మనిషి ఈయనొక్కరే. రాతలే ఉండాలన్నాను.

అప్పుడు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని దులపకుండా ఒక్కో పేజీ తిప్పి, మధ్యలో ఉన్న కాగితం ముక్కలన్నీ తీశారు. మనం బైబిల్లో ఏమేం పెడతామో మీకు తెలుసు. బస్సు టికెట్లు, పెళ్ళి శుభలేఖ ముక్క, ఒక బిడ్డ ఫొటో, ప్రార్థన చేయమని ఎవరో రాసిచ్చిన చీటీలు. ఒక్కోదాని వెనక పెన్సిలుతో అది ఏ పేజీలో ఉందో ఆ నంబరు వేసి ఒక కవరులో పెట్టారు. ఒక చోట మడతపెట్టిన నోట్లు కనబడ్డాయి. "నాలుగొందల అరవై. లెక్కెట్టుకోండి తల్లీ" అని నా చేతికే ఇచ్చారు. అది ఒక ముసలమ్మ మందుల కోసం మా ఆయన పక్కన పెట్టిన డబ్బు. ఇంట్లో బియ్యం అయిపోయిన వారంలో కూడా అది అక్కడే ఉంది, నాకు తెలుసు.

ఎనిమిది రోజుల్లో ఇస్తానన్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర జరిగే మంగళవారం నాడు మాత్రం రావద్దు, మూడు లాంతర్ల దగ్గర్నుంచి ఇటు అడుగు పెట్టలేరని చెప్పారు. రెండొందలు అడ్వాన్సు తీసుకున్నారు. రసీదు లేదు, ఒక నోటుబుక్కులో "బైబిలు, పల్లెటూరు అమ్మగారు" అని రాసుకున్నారు.

పదో రోజున వెళ్తే పని అవలేదు. ఇది ఈ కొట్టు మీద నా మొదటి ఫిర్యాదు. ఆయుధపూజకి కత్తి, సూదులు, ప్రెస్సు అన్నీ కడిగి బొట్టు పెట్టి ఆపారట, తర్వాత రెండు రోజులు ముసురు పట్టి జిగురు ఆరలేదట. ఫోను చేసి చెప్పే అలవాటు ఆయనకి లేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి అది కష్టమే. కోపం వచ్చింది. కానీ బల్ల మీద చూస్తే మా బైబిలు మొత్తం విప్పేసి, ఫారాలు ఫారాలుగా (ఫారం అంటే మధ్యకి మడిచి కలిపి కుట్టే పేజీల కట్ట) తుడిచి, చిరిగిన మడతలన్నిటికీ పల్చటి టిష్యూ కాగితం అతికించి ఉంది. ఎన్ని మడతలో. ఆ పని చూశాక కోపం నిలబడలేదు.

"వచ్చారు కదా, ఒక సాయం సెయ్యండి. నాకా పుస్తకం తెల్దు. వరస సరిగ్గా ఉందో లేదో మీరే సూడండి. నాను ఈలోగా కుట్టు మొదలెడతాను" అన్నారు.

అలా మూడు గంటలు ఆ కొట్టులో కూర్చున్నాను. కుర్చీ లేదు, రిజిస్టర్ల కట్ట మీదే కూర్చున్నాను. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని ఆదికాండం నుంచి ఒక్కో ఫారం చూసి అందిస్తున్నాను. ఆయన దారానికి మైనం రుద్ది, మడత మధ్యలోంచి సూది బయటికి తీసి, నాడా చుట్టూ తిప్పి మళ్ళీ లోపలికి పంపి, చివర కింది ఫారం కుట్టులోకి దూర్చి ముడి వేస్తున్నారు. మేం వేసే గొలుసుకుట్టుకి అన్నలాంటి ముడి అది. లాగితే బిగుస్తుంది గానీ కాగితం కోయదు. కాగితం ఉల్లిపొర అంత పల్చన. ఎంత లాగాలో ఆ చేతికి తెలుసు. జిగురులో ఏం కలుపుతారని అడిగితే మైదాలో చిటికెడు మైలుతుత్తం, పురుగు పట్టకుండా అన్నారు.

అంచుల్లో ఆ పెన్సిలు రాతలు నేను వరసగా ఎప్పుడూ చదవలేదు. అది మా ఆయన పుస్తకం. భార్యనైనా అంచుల్లో రాసుకున్నది చదవడానికి నాకు మనసొప్పేది కాదు. ఇప్పుడు వరస చూడాలి కాబట్టి పేజీ పేజీ కళ్ళ ముందుకొచ్చింది.

విలాపవాక్యముల దగ్గర 22-3-2020. జనతా కర్ఫ్యూ ఆదివారం. తేదీ తప్ప ఇంకేం లేదు.

హబక్కూకు మూడో అధ్యాయం, అంజూరపు చెట్లు పూయకపోయినా అనే చోట 12-10-2014. హుద్‌హుద్ తుఫాను రోజు, అది కూడా ఆదివారమే. "రేకులు పోయాయి, గోడ" అని ఉంది, మిగతాది 2017 కోతలో పోయింది. మిగతాది నాకు తెలుసు. మా ప్రార్థన మందిరం మీద ఇరవై రెండు రేకులుండేవి. మధ్యాహ్నానికి ఒక్కటి మిగల్లేదు. తర్వాత పొలాల్లో వెతికితే తొమ్మిది దొరికాయి, అవీ వంకరపోయినవే. మనుషుల్ని పోగుచేసి ముందు మందిరం సంగతి చూస్తారనుకున్నాను. ఆయన మర్నాడు పొద్దున్నే ఊళ్ళో కూలిన పాకలు ఎత్తడానికి వెళ్ళారు. మన సంఘంవాళ్ళవి, కానివాళ్ళవి అని చూడలేదు. మందిరానికి పైకప్పు క్రిస్మస్‌కి కూడా లేదు. టార్పాలిన్ కింద ఆరాధన జరిగింది. ఆ ఏడాది నాకు ఆయన మీద కష్టంగా ఉండేది. వేసవిలో ఉపాధి పనికి పార పట్టుకుని వెళ్ళి ఆ కూలితో రేకులు ఒక్కోటీ కొన్నారు.

అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం. పౌలు, అకుల, ప్రిస్కిల్ల కలిసి డేరాలు కుట్టి బతికిన చోటు. అక్కడ నా గురించి ఉంది. "జూన్ 2009. మిషను వచ్చింది. ఆమె చేతులను" అని ఉంది. ఆ తర్వాత మాట కోతలో పోయింది.

నేను సెకండ్‌హ్యాండు మిషను కొన్న నెల అది. ఆ రోజు ఆయన నాతో ఏమీ అనలేదు. మిషను ఇంటికి మోసుకొచ్చి, కిటికీ దగ్గర వెలుతురు పడేచోట పెట్టి, కూడికకి వెళ్ళిపోయారు. పాస్టరు ఇంట్లో ఆడది బయటివాళ్ళ బట్టలు కుట్టడం చిన్నతనంగా అనుకుంటున్నారేమో అని చాలాకాలం నాలో ఉండేది. పదహారేళ్ళు ఈ మాట ఇక్కడే ఉంది.

తర్వాత ఫిలిప్పీయుల పత్రిక. ఇది చెప్పాలంటే ముందు 2018 చెప్పాలి. ఆ ఏడాది మా సంఘంలోంచి పదకొండు కుటుంబాలు వెళ్ళిపోయాయి. తీసుకెళ్ళింది మా అయ్యగారు చేతిలో పెట్టి పెంచిన కుర్రాడే. మా ఇంట్లో అన్నం తిన్నవాడు. పక్క ఊళ్ళో కొత్త హాలు, సౌండు బాక్సులు, కీబోర్డు, రోడ్డు మీద నిలువెత్తు ఫ్లెక్సీ. మాకు మిగిలింది ముసలివాళ్ళు, పిల్లలు, ఇద్దరు ముగ్గురు కూలి కుటుంబాలు. కానుకల సంచిలో నలభై రూపాయలు వచ్చిన ఆదివారాలున్నాయి. ఆ కుర్రాడు పెళ్ళిళ్ళలో ఎదురైతే నేను మొహం తిప్పుకునేదాన్ని. మా ఆయన ఆగి, కుశలం అడిగి, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవారు. పది మంది చూస్తున్నారని అలా చేస్తున్నారేమో అని కూడా ఒకసారి అనేశాను.

మొదటి అధ్యాయంలో, అసూయతో ప్రకటించినా మంచిబుద్ధితో ప్రకటించినా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు, అందుకు సంతోషిస్తున్నాను అని పౌలు చెరసాల నుంచి రాసిన చోట, అంచున ఆ కుర్రాడి పేరు ఉంది. పేరు పక్కన "ఆది. 10 గం." అని ఉంది. మా ఆరాధన మొదలయ్యేది పదిన్నరకి. కింద చిన్న చిన్న నిలువు గీతలు. నాలుగు నిలువుగా, ఐదోది అడ్డంగా, పాలవాడి లెక్కలా కట్టలు కట్టలుగా పేజీ అడుగు దాకా, అక్కడినుంచి పక్కపేజీ అంచుకి. లెక్కపెట్టడం మొదలెట్టి నూట ఇరవై దాటాక ఆపేశాను. పెన్సిలు మారినప్పుడల్లా గీతల రంగు మారింది. ఆఖరి గీత కొత్తగా, నల్లగా ఉంది.

"వరస తేడా వచ్చిందేటమ్మా?" అన్నారు తాతగారు. లేదండి, సరిగ్గానే ఉంది అని ఫారం అందించాను. ఆయన ఇంకేం అడగలేదు. కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి మళ్ళీ సూది అందుకున్నారు.

కొంచెంసేపటికి ఆయనే అడిగారు, ఈ పుస్తకం తెలుగులోకి ఎప్పుడొచ్చిందని. మా ఆయన సండేస్కూల్లో చెప్పేదే చెప్పాను. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు లండన్ మిషనువాళ్ళు మన విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలెట్టారు. 1809లో క్రాన్ పోయారు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరంపూరులో అచ్చయ్యాయి.

"అంటే అచ్చయిన పుస్తకం ఆలిద్దరూ సూడనే నేదా?"

"లేదండి."

సూది ఆగింది. "మరి దాన్ని ఎవులు కుట్టేరో" అన్నారు.

నేను ఇరవై ఏళ్ళుగా ఆ కథ వింటున్నాను. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు.

ఇక మీకు కావాల్సిన వివరాలు. పుస్తకం చేతికొచ్చింది పదిహేడో రోజున. మొత్తం ఏడొందల యాభై తీసుకున్నారు. జిగురు పూసి ఇచ్చే చోట మూడొందలకే అవుతుంది కాబట్టి ఎక్కువనిపించవచ్చు, కానీ నేను ఆ కుట్టు చూశాను, ఎక్కువ కాదు. నగదే ఇవ్వాలి, ఫోన్‌పే లేదు. అట్టకి రెక్సిన్ నలుపు, మెరూను మాత్రమే ఉన్నాయి. గుర్తు రిబ్బను ఆయన దగ్గర ఉన్నది నాసిరకం, నేను నా కుట్టుపెట్టెలోంచి ఎర్ర శాటిన్ రిబ్బను ఇస్తే వీపులో పెట్టి అతికించారు. మీరూ తీసుకెళ్ళండి. అట్ట మీద బంగారు అక్షరాలు అంత బాగా రాలేదు, "గ్రంథము"లో చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. ఆదివారం, అమావాస్య కొట్టు ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనానికి వెళ్తారు. ఇచ్చిన తేదీకి ఒక వారం కలుపుకుని వెళ్ళండి. పాస్టరుగార్లయితే రెండు ఆదివారాలకి వేరే బైబిలు చూసుకోవాలి. మా ఆయన నా చిన్న బైబిలుతో, కళ్ళజోడు పైకి కిందికి జరుపుకుంటూ ప్రసంగించారు.

అట్ట మీద పేరు గురించి ఒక మాట. బంగారు అక్షరాల్లో పేరు కూడా వేస్తారు, దానికి వేరే డబ్బు లేదు. "రెవరెండు అని ఎయ్యమంటారా?" అని తాతగారు అడిగారు. నాకు ఆశ పుట్టింది, దాచుకోను. ఇరవై రెండేళ్ళ సేవలో ఆయన పేరు ఏ ఫ్లెక్సీ మీదా పడలేదు, దీని మీదైనా ఉండాలనిపించింది. అప్పుడు తాతగారు మొదటి ఆకు తీసి చూపించారు, పేరు స్పెల్లింగు సరిచూద్దామని. మనం బైబిలు కొనగానే పేరు రాసుకునే ఆకు. అక్కడ మా ఆయన 2003లో రాసింది ఇది: "ఇది దొరికినవారు ముందు చదువుకోండి. తర్వాత ఇవ్వండి." పేరు లేదు, ఊరు లేదు. అట్ట మీద కూడా పేరు వద్దన్నాను.

ఇంటికి తెచ్చిన రాత్రి ఆయన చేతిలో పెట్టాను. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నందుకు ముందు సంతోషించారు. కవరులో కాగితాలన్నీ వెనక నంబర్లు చూసుకుని ఒక్కోటీ ఎక్కడివక్కడ పెట్టుకున్నారు. నాలుగొందల అరవై కూడా. నేను కార్యముల దగ్గర తీసి, "ఆమె చేతులను" తర్వాత ఏముండేది అని అడిగాను. చాలాసేపు చూశారు. "గుర్తు లేదు" అన్నారు. తర్వాత పెన్సిలు తీసి నా చేతికిచ్చారు, నువ్వే రాసుకో అని. నేను రాయలేదు. ఆ ఖాళీ అలాగే ఉంది.

ఫిలిప్పీయుల గురించి అడగలేదు. ఆదివారం పొద్దున పదికి ఆయన లోపలి గదిలోకి వెళ్ళినప్పుడు ఎప్పట్లా బయటినుంచి కూరగాయలు లేవని కేకెయ్యలేదు, అంతే.

కొత్త కుట్టు కాబట్టి పుస్తకం ఇంకా బిగువుగా ఉంది. బల్ల మీద తెరిచిపెడితే తనంతట తనే మూసుకుపోతోంది, ప్రసంగమప్పుడు ఎడమ చేత్తో నొక్కిపట్టుకోవాల్సి వస్తోంది. నెల రోజులు పడుతుందని తాతగారు ముందే చెప్పారు. బలవంతంగా విరిచి తెరవకూడదట. ముందునుంచి పది పేజీలు, వెనకనుంచి పది పేజీలు తెరిచి, మధ్య మడతని వేలితో మెత్తగా రాసుకుంటూ లోపలికి రావాలట. రోజూ సాయంత్రం మా ఆయన కిటికీ దగ్గర, నా మిషను పక్కన కూర్చుని ఆ పని చేస్తున్నారు. నిన్నటికి ముందునుంచి రూతు దాకా వచ్చారు.